జీపు పెద్దమ్మ, పాత రేడియేటర్

మొన్న ఎండాకాలంలో నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదుట ఒక కారు పొగలు కక్కుతూ ఆగింది. నడుపుతున్నతను దిగి, బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలను చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీదికి వంగాడు. నేను రోడ్డుకు ఇవతల పండ్ల బండి దగ్గర బత్తాయిలు ఏరుకుంటున్నాను. ఏమీ ఆలోచించకుండానే నా నోట్లోంచి ఒక కేక వచ్చింది.

"ముట్టకు! స్వల్ప తడి!"

అతను అదిరిపడి నా వైపు చూశాడు. "ఏమన్నరు మేడం?"

"జర ఆగమన్న. అరగంట ఆగు. అది ఇప్పుడు కోపంల ఉన్నది."

నవ్వాలో వద్దో తేల్చుకోలేక అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. పండ్లమ్మే ఆమె నాకేసి వింతగా చూసి, "మీకు కన్నడం గూడ వస్తదా టీచరమ్మా?" అంది.

రాదు. నాకు వచ్చిన కన్నడమంతా ఆ రెండు మాటలే. కొంచెం ఆగు అని వాటి అర్థం. అవి కూడా నావి కావు. ఆ గొంతు అసలే నాది కాదు. పిల్లల ముందు కూడా గొంతు పెంచలేని మనిషిని నేను. బత్తాయిల సంచి పట్టుకుని ఇంటికి నడుస్తుంటే, ఆ మాటలు ఎవరివో ఆమె పోయి ఏడాది దాటిందని గుర్తొచ్చింది. ఏడాదిలో నేను ఒక్క ఆదివారమైనా కూర్చుని ఆమె గురించి రెండు మాటలు రాసుకోలేదని కూడా.

నా మొదటి ఉద్యోగం గోపాల్‌పేట మండలంలోని ఒక ఊరి బడిలో. వనపర్తిలో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఊరికి బస్సు ఉంది కానీ, బడి గంటకు బస్సు గంటకు పొత్తు లేదు. "జీపొకటి వస్తది, మేమందరం దాంట్లనే పోతం" అని తోటి టీచర్లు చెప్పారు. మొదటి రోజు మా వీధి మలుపులో నిలబడ్డాను. రంగు వెలిసిన పాత జీపు వచ్చి ఆగింది. దాని పక్కన అరవై ఏళ్ళ మనిషి నిలబడి గుడ్డతో ముందు అద్దం తుడుస్తోంది. ముదురు రంగు చీర, చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. జీపు కడిగే మనిషనుకున్నాను.

"డ్రైవర్ ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగాను.

"వచ్చిండు" అని ఆమె స్టీరింగు వెనక ఎక్కి కూర్చుంది. "నువ్వు గూడ ఎక్కు బిడ్డా."

ఆమెది మా బడి ఉన్న ఊరే. అక్కడ అందరికీ ఆమె జీపు పెద్దమ్మ. ఆధార్ కార్డులో వేరే పేరు ఉండే ఉంటుంది. నేను అడగలేదు, ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. పెళ్ళయిన ఏడాదే మొగుడితో కలిసి మట్టి పనులకు వలస పోయిందట. కాలువలు, కట్టలు, రోడ్లు. ముప్పై ఏళ్ళ పాటు కర్ణాటకలో కొన్నాళ్ళు, మహారాష్ట్రలో కొన్నాళ్ళు. క్యాంపుల్లో ఆమె పని మొదట గంపలు మోయడం, తర్వాత పెద్ద యంత్రాలకు నీళ్ళు మోయడం. డోజర్లు, టిప్పర్లు వేడెక్కినప్పుడు బిందెతో పోయి రేడియేటర్లలో నీళ్ళు పోసేది. పోసీ పోసీ, ఏ యంత్రం ఎందుకు మూలుగుతోందో చెవితోనే కనిపెట్టడం నేర్చుకుంది. ఒక ముసలి కన్నడ ఆపరేటరు ఆమెకు టిప్పర్ నడపడం నేర్పాడు. మొగుడు పోయాక ఊరికి తిరిగి వచ్చి, ఉన్నదంతా పెట్టి ఈ జీపు కొంది.

జీపులో స్టీరింగు పక్కన ఆమె అంటించుకున్న చిన్న సిలువ ఉండేది. దాని పక్కనే పాత యజమాని అంటించిన ఆంజనేయుడి బొమ్మ, ఎండకు సగం వెలిసి. "మీరు చర్చికి పోతరు గద పెద్దమ్మా, ఆ బొమ్మ ఉంచుకున్నరేంది?" అని ఒక టీచరు అడిగితే, "ఆయన నాకన్న ముందుగాల ఎక్కిండు. నేనెట్ల దింపుత?" అంది.

బయలుదేరే ముందు బానెట్ మీద అరచేయి పెట్టి చూసేది, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. వెనక సీటు కింద ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండేది. మాకు ఎంత దాహమైనా అందులోవి తాగనిచ్చేది కాదు. "అవి బండి నీళ్ళు. నీ నీళ్ళు నువ్వు తెచ్చుకో." దూరాలు కూడా ఆ డబ్బాతోనే కొలిచేది. "గోపాల్‌పేట పావు డబ్బ. శ్రీరంగాపూర్ గుడికి పోయి రావాలంటె డబ్బన్నర." నేను కిలోమీటర్లలో అడిగితే విసుక్కునేది. కిలోమీటర్లు రోడ్డుకు గానీ బండికి కావు అనేది.

ఆ లెక్కలోనే తెలిసిపోవాల్సింది మాకు, ఆ రేడియేటర్ కారుతోందని.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. సోమవారం, గురువారం ఆమె తెల్లవారగానే ఊళ్ళోంచి ఒక ముసలాయనను ఎక్కించుకుని వనపర్తి దవాఖానలో దించేది. ఆయన మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆయనను దించాక మమ్మల్ని ఎక్కించుకుని బడికి తీసుకుపోయేది. మళ్ళీ వనపర్తికి పోయి ఆయనను ఊరికి చేర్చి, పన్నెండున్నరకు మమ్మల్ని వెనక్కి తెచ్చేది. ముసలాయనను ఊళ్ళో అంతా మేస్త్రి అనేవారు. ఒకప్పుడు కూలీల ముఠాలను పనులకు తీసుకుపోయేవాడట. ఆయన ఇంటి ముందు జీపు ఆగడం నేను బడి వరండాలోంచి చూసేదాన్ని. పెద్దమ్మ దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి చేయి చాచేది. ఆయన ఆమె చొక్కా చేతిని పట్టుకుని దిగేవాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు. ఆమె కోడలు సునీతను అడిగితే, "వాళ్ళు ముందు నుంచి మాట్లాడుకోరు టీచర్. ఎందుకో నాకు గూడ తెల్వదు" అంది.

ఒక గురువారం బడిలో తనిఖీ ఉంది. సగం దారి దాటాక జీపు ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచింది. పెద్దమ్మ మెల్లగా పక్కకు తీసి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఒక వేప చెట్టు నీడలో కూర్చుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"నీళ్ళు పోయినయి. చల్లారాలె."

పది నిమిషాలయింది. పదిహేనయింది. నేను గడియారం చూసుకుంటూ తిరుగుతున్నాను. కొత్త ఉద్యోగం, మొదటి తనిఖీ. మూత తీసి నీళ్ళు పోస్తే అయిపోయేదానికి ఈవిడ చెట్టు కింద కూర్చుందేమిటనిపించింది. చున్నీ కొసను చేతికి చుట్టుకుని బానెట్ దగ్గరికి పోయాను. మూత మీద చేయి వేశానో లేదో, వెనక నుంచి అరుపు వినిపించింది. "ముట్టకు! స్వల్ప తడి!" ఆ వెంటనే నా చేతి మీద చెళ్ళున దెబ్బ. చిన్నప్పుడు మా అమ్మ కూడా నన్ను అంత గట్టిగా కొట్టలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె చొక్కా చేతి బొత్తాం విప్పి, మోచేతి పైదాకా మడిచి, నా ముందు చాచింది. మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం ముడతలు పడి, తెల్లగా మెరుస్తోంది. కాలిన మచ్చ. ఎన్నో ఏళ్ళ కిందటిది.

"కోపంల ఉన్నోళ్ళ మూత తియ్యొద్దు బిడ్డా" అంది మళ్ళీ బొత్తాం పెట్టుకుంటూ. "తనిఖీకి ఆలస్యమైతే నోటితోని తిడ్తరు. ఇది ఊకె తిట్టదు."

అరగంట ఆగి, డబ్బాలోని నీళ్ళన్నీ పోసి, మధ్యలో ఒక పొలం మోటారు దగ్గర మళ్ళీ నింపుకుని బడికి చేరాం. ఆ రోజు మేస్త్రిని తీసుకురావడానికి ఆమె ఎన్నిసార్లు ఆగిందో నాకు తెలియదు. తెచ్చింది మాత్రం నిజం.

శుక్రవారం వనపర్తి మెకానిక్ చూసి తల అడ్డంగా ఊపాడు. అప్పటికే నాలుగు చోట్ల అతుకు వేసిన రేడియేటర్. "ఇంగ దీనికి అతుకేస్తే అతుకే మిగుల్తది పెద్దమ్మా. వేరేది వెయ్యాలె. నాకు బుధవారం దాక ఖాళీ లేదు." సోమవారం మేస్త్రి దవాఖానకు పోవాలి. ఆటో కుదుపులు ఆయనకు పడవు. ఒకసారి ఆటోలో పోయి దారిలోనే సోయి తప్పాడట. మరొకసారి ఒక్క రోజు దవాఖానకు పోవడం తప్పిపోతే కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక రెండు రోజులు గోడకు ఆనుకునే కూర్చున్నాడట.

"ఎవరు లేకుంటె నేనే ఏస్త" అంది పెద్దమ్మ మెకానిక్‌తో. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మరునాడు రెండో శనివారం, బడి లేదు. గద్వాలలో పాత బండ్ల సామాను అమ్మే దుకాణం ఉందని ఆమె బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను. ఒక్కతే అంత బరువు మోసుకు రాలేదని పైకి చెప్పాను. గురువారం ఆమెను తొందరపెట్టిన సిగ్గు లోపల ఇంకా ఉంది.

దుకాణంలో ఇనుప సామాను గుట్టలుగా ఉంది. యజమాని మూడు రేడియేటర్లు తీసి పెట్టి, మూడూ గట్టివే, కళ్ళు మూసుకుని తీసుకుపొమ్మన్నాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు. తొట్టి నిండా నీళ్ళడిగింది. ఒక గొట్టం మూతిని గుడ్డ కుక్కి మూసి, రెండో దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, రేడియేటర్‌ను నీళ్ళలో ముంచి, ట్యూబును నోట్లో పెట్టుకుని ఊదింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. మొదటి దానికి మూల నుంచి బుడగలు వచ్చాయి. రెండోదానికి నడుము నుంచి. మూడోదానికి ఎంత ఊదినా నీళ్ళు కదలలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ బుడగ రాలేదు.

"ఇది మీ జీపుది గాదమ్మ. నట్ల రంధ్రాలు కలవవు" అన్నాడు యజమాని, ఈసారి నిజాయితీగా.

"కారుతలేదు గద. కలవని రంధ్రాలు నేను కలుపుకుంట."

తిరుగు బస్సులో ఆ రేడియేటర్‌ను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. బీచుపల్లి వంతెన మీద బస్సులోని వాళ్ళంతా ఆంజనేయుడికి దండం పెట్టుకున్నారు. కొందరు కిటికీలోంచి నదిలోకి చిల్లర విసిరారు. ఆమె కృష్ణా నీళ్ళ వైపు చూస్తూ, వంతెన దాటేదాకా కళ్ళు తిప్పలేదు.

"గిన్ని నీళ్ళు గీడ పెట్టుకోని, మేము యాడికో పోయి మందికి కాలువలు తవ్వి వచ్చినం సూడు" అంది. బాధగా అనలేదు. లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పుడే దొరికినట్టు అంది. ఒళ్ళోని మూట సర్దుకుని, "ఇప్పుడు మా దిక్కు గూడ కాలువలొచ్చినయి. మా సునీత ఏడికి పోయే పని లేదు. నాకు గది సాలు" అంది.

ఆదివారం ప్రార్థన ముగిశాక పని మొదలైంది. పెద్దమ్మ ఇల్లు రెండు గదులు, ముందు రేకుల పందిరి. ఆ నీడలోకి జీపు ముక్కు దూర్చి నిలబెట్టింది. ఆమె నడుము వంగదు కాబట్టి సునీత జీపు కిందికి దూరింది. సునీత మొగుడు, అంటే పెద్దమ్మ కొడుకు, హైదరాబాదులో కట్టడం పనికి పోయి నెలకోసారి వస్తాడు. సునీత పత్తి పనులకు పోతుంది. అత్త సాయంత్రాలు జీపు నేర్పాలని చూస్తుంటే అంత బండి తన మాట వినదని తప్పించుకు తిరుగుతుండేది.

"అడుగు పైపు పట్టీ దొరికిందా?"

"దొరికిందత్తమ్మా. తిప్పుతున్న."

"మొకం పక్కకు పెట్టు."

ఆ మాట సునీతకు చేరేలోపే పైపు ఊడింది. తుప్పు నీళ్ళన్నీ ఆమె తల మీద. బయటికి పాక్కుంటూ వచ్చిన సునీతను చూసి నేను నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటుంటే, పెద్దమ్మ మాత్రం తీరిగ్గా అంది. "మంచిగున్నది. గోరింటాకు పెట్టుకున్నట్టున్నది."

పై పైపు తీశాం. ఫ్యాను ముందరి రేకు తీశాం. రేడియేటర్‌ను పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదలలేదు. నేను పానా పెట్టి రెండు చేతులతో లాగబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది, ఈసారి మెల్లగా. "తల అరిగిపోతది. అప్పుడు అది నీ మాట వినది, నా మాట వినది." బోల్టు చుట్టూ రెండు చుక్కల డీజిల్ పోసి, "మజ్జిగ తాగుదాం" అంది.

అప్పుడే మేస్త్రి వచ్చాడు. ఆయన ఇల్లు మూడు ఇళ్ళ అవతల. కర్ర ఊతంతో వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా, గోడ వారనున్న బండ మీద కూర్చున్నాడు. రేపు జీపు కదులుతుందా లేదా అని చూసుకోవడానికి వచ్చాడని అందరికీ తెలుసు. సునీత గ్లాసుతో మజ్జిగ ఇస్తే, "సగం వంపుకో బిడ్డా. నాకు కొలతున్నది" అన్నాడు.

పావుగంట తర్వాత బోల్టు చిన్నగా కిర్రుమని తిరిగింది. ముగ్గురం కలిసి పాత రేడియేటర్‌ను పైకి లేపాం. దాని ఇనుప జల్లెడ నిండా దుమ్ము, మిడతల కాళ్ళు, ఒక పసుపు సీతాకోకచిలుక రెక్క. కింద మూలన నాలుగు అతుకులు, ఐదో చోట వెంట్రుకంత పగులు.

కొత్తది దించాం. దుకాణం అతను చెప్పినట్టే రంధ్రాలు కలవలేదు. పై రెండు సర్దుకున్నాయి. కింద రెండు వైపులా బొటనవేలంత సందు. వదిలేస్తే గుంతల రోడ్డు మీద అది ఊగి, ఫ్యానుకు తగిలి చీరుకుపోతుంది. పెద్దమ్మ సైకిల్ ట్యూబు మడిచి పెట్టి చూసింది. మెత్తగా నలిగిపోయింది. చెక్క ముక్క పెట్టింది. పగిలింది. నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేని సమస్య. సునీత ఇంట్లోంచి పాత సంచులు, డబ్బా మూతలు తెచ్చి చూపిస్తోంది. ఏదీ సరిపోలేదు. పందిరి రేకు కాగి మంటలా ఉంది. పెద్దమ్మ మొదటిసారి నేల మీద చతికిలపడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది.

బండ మీద నుంచి ఏదో నేల మీద రాసుకుంటూ వచ్చిన చప్పుడయింది. మేస్త్రి తన కుడి కాలి చెప్పు విప్పి, కర్రతో ఆమె వైపు తోస్తున్నాడు. టైరు కోసి కుట్టిన చెప్పు. వేలెడు మందం.

"ఇది కోసుకో" అన్నాడు.

నేనూ సునీతా మొహాలు చూసుకున్నాం. పెద్దమ్మ ఆ చెప్పును చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి మందం చూసింది.

"కోస్త. నువ్వేం తొడుక్కుంటవ్?"

"నేనేడికి నడుస్త? నీ జీపుల పోవుడే గద."

ఆమె కత్తితో ఆ టైరు ముక్కను రెండుగా కోసి, మధ్యలో తూట్లు పొడిచి, రెండు సందుల్లోనూ బిగించింది. బోల్టులు దిగాయి. పట్టుకుని ఊపింది. జీపు ఊగింది గానీ రేడియేటర్ ఊగలేదు.

కొత్త పైపులు తొడిగి, పట్టీలు బిగించి, ఆకుపచ్చ మందు కలిపిన నీళ్ళు పోశాం. మూత తెరిచే ఉంచి ఇంజను వేసింది. లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంటే, నన్ను గరాటుతో నిలబెట్టి నీళ్ళు తగ్గినకొద్దీ పోయమంది. వంగి పోస్తున్నాను. బండ మీద నుంచి మేస్త్రి గొంతు వినిపించింది. ఆయన మాట్లాడుతున్నది నాతో.

"ఆ చెయ్యి నా వల్లనే కాలింది టీచరమ్మా."

నేను తలెత్తాను. ఇంజను చప్పుడులో ఆయన గొంతు పెంచి చెప్పాడు. కర్ణాటకలో కాలువ పని. డోజర్ వేడెక్కి ఆగిపోయింది. పెద్ద ఇంజనీరు వస్తున్నాడని కబురు. ఆమె నీళ్ళ బిందెతో నిలబడి, ఇంకా చల్లారలేదంటోంది. ఆయన మేస్త్రి. "ఎనిమిదేండ్ల పిల్లను అదిలించినట్టు అదిలించిన. మూత తీస్తవా, ఇంటికి పంపాలెనా అన్న. తీసింది. ఆవిరి ఎగజిమ్మింది. ఇంజనీరు వచ్చి పోయిందాంక ఆమెను దవాఖానకు గూడ తోలియ్యలే." అక్కడ ఆగాడు. "ఆమెకప్పుడు ఇరవై రెండేండ్లు."

పెద్దమ్మ ఇంజను పక్కన చెవి వంచి నిలబడి ఉంది. ఆయన వైపు తిరగలేదు.

"ఇప్పుడెందుకవన్ని" అంది. "నీళ్ళు తగ్గినయి, పొయ్యి బిడ్డా."

పోశాను. బుడగలు ఆగాయి. ఆమె మూత పెట్టి బిగించింది. గంట సేపు ఇంజను నడిచింది. కింద నేల పొడిగా ఉంది. సునీత తన మడమతో ఆ నేలను రుద్ది చూసి, "సుక్క గూడ లేదత్తమ్మా!" అని చప్పట్లు కొట్టింది.

సోమవారం నాకు కుదురు లేదు. పొద్దున్నే లేచి దవాఖాన గేటు దాకా నడిచాను. ఏడుకు ఇంకా పది నిమిషాలుండగా జీపు వచ్చింది. వేడి చూపే ముల్లు సరిగ్గా నడిమిట్ల ఉందని పెద్దమ్మ కిటికీలోంచి వేలితో చూపించింది. మేస్త్రి ఆమె చొక్కా చేయి పట్టుకుని దిగాడు. ఎడమ కాలికి టైరు చెప్పు, కుడి కాలికి సునీత గులాబీ రంగు హవాయి చెప్పు. లోపలికి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మళ్ళెన్నింటికొస్తవ్?"

"నీ పనయ్యేటాలకు గేటు కాడ ఉంట. నువ్వు మెల్లగ రా."

బడికి పోతూ అడిగాను. అంత చేసిన మనిషిని ఎట్లా ఎక్కించుకున్నావని. ఆమె ముందున్న గుంతను చుట్టి జీపును మళ్ళీ రోడ్డెక్కించింది. నాకనిపించింది, అడగరానిది అడిగానని.

"కోపం లేదని గాదు" అంది. "ఉండె. చాన ఏండ్లుండె. ఆయన ఎదురైతె గల్లి మారేదాన్ని. ఒకనాడు బస్సెక్కలేక, మెట్టు మీద కాలు పెట్టుడు, తీసుడు, పెట్టుడు, తీసుడు. కండక్టరు తొందర పెడుతుండు. నేను ఎనక జీపుల ఉన్న. సూస్తున్న. నాకు తెల్వకుండనే నా కాలు బ్రేకు మీద పడ్డది." గేరు మార్చింది. "గంతే బిడ్డా. ఎక్కు అన్న. ఎక్కిండు."

ఆ తర్వాత జీపులో నిశ్శబ్దం పోయింది. వేసవి సెలవుల ముందు ఒకటి రెండుసార్లు నేనూ వాళ్ళతో వచ్చాను. ఇద్దరూ పాత క్యాంపుల గురించి తగువులాడుకునేవారు. ఫలానా కట్ట మీద టెంట్లు నదికి ఇటు వేశామని ఆయన, అటు వేశామని ఆమె. "నువ్వు మేస్త్రివి, నీడకు కూసున్నోనివి. మోసినోళ్ళకు యాదుంటది" అనేది. ఆయన ఓడిపోయి నవ్వేవాడు. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు నీరసంగా ఉన్నా ఆ తగువు కోసం కళ్ళు తెరిచి ఉంచేవాడు.

నాకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. పండగలకు ఫోన్ చేస్తే, ముందు నా ఆరోగ్యం, తర్వాత జీపు ఆరోగ్యం చెప్పుకునేవాళ్ళం. సునీత చర్చి దాకా జీపు తోలుతోందని, పెద్ద రోడ్డెక్కడానికి మాత్రం ఇంకా జంకుతోందని ఒకసారి చెప్పింది. పోయినేడు ఒక సోమవారం మధ్యాహ్నం సునీత ఫోన్ చేసింది. జీపు తుడిచి వచ్చి, పందిరి కింద ఒరిగి, మళ్ళీ లేవలేదట.

చర్చిలో ఆమెను తలుచుకునే ఆదరణ కూడిక బుధవారం జరిగింది. చిన్న చర్చి, జనం బయట దాకా ఉన్నారు. పాస్టరు గారు ఆమె గురించి చెప్పదలచినవాళ్ళు లేవొచ్చన్నారు. టీచర్లు లేచారు, నేనూ లేచాను. మేమంతా మంచి మంచి మాటలు చెప్పాం. ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. చివరన మేస్త్రి, పక్కవాళ్ళు ఒక చేయి పట్టుకోగా, కర్ర మీద లేచాడు. ఆయన ఎప్పుడూ చర్చి గడప తొక్కినవాడు కాదు. ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక గోడ మీది సిలువ వైపు తిరిగాడు.

"నేను ఈమెను తొందర పెట్టిన" అన్నాడు. "ఈమె నన్ను ఏనాడు తొందర పెట్టలే." కూర్చున్నాడు.

భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. మేస్త్రి కర్ర పొడుచుకుంటూ గేటు వైపు పోతున్నాడు. మరునాడు గురువారం, ఆయన దవాఖానకు పోయే రోజని నాకు తట్టింది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. సునీత విస్తళ్ళు ఎత్తుతూ ఆయనను చూసింది. చేతులు కడుక్కుని, తడి చేతులతోనే గేటు దాకా పోయింది.

"తాతా, రేపు పొద్దుగాల ఆరింటికి తయారుండు. నేనే తోల్త."

మేస్త్రి ఆగాడు. ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. ఎదుట రోడ్డు పక్కన ఆగి ఉన్న జీపును చూశాడు.

"నీళ్ళు సూసినవా?"

"సూసిన తాతా. నిండుగున్నయి."